హైస్కూల్లో అడ్వాన్స్‌డ్ కెమిస్ట్రీ తీసుకోవాలా? చదివినవాడిగా నా జవాబు

మామూలు కెమిస్ట్రీలో మంచి మార్కులే వచ్చాయి, వచ్చే ఏడాది అడ్వాన్స్‌డ్ తీసుకోవాలని ఉంది, కానీ లెక్కలు ఎక్కువనీ రియాక్షన్లన్నీ బట్టీ పట్టాలనీ సీనియర్లు భయపెడుతున్నారు, ఏం చేయమంటారు అని అడిగారు. నేను హైస్కూల్లో ఈ కోర్సు చదివాను, తర్వాత డిగ్రీ కూడా కెమిస్ట్రీలోనే చేశాను. సబ్జెక్టు మీద ఇష్టం ఉంటే తప్పకుండా తీసుకోండి. కాకపోతే ఇప్పటిదాకా మార్కులు తెచ్చిపెట్టిన చదువు తీరు ఇక్కడ సరిపోదు. ఆ సంగతి ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

మామూలు కోర్సులో ఫార్ములా గుర్తుంటే చాలు, అంకెలు వేస్తే జవాబు వచ్చేస్తుంది. ఇక్కడ ఆ ఫార్ములా ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చేయదో మీరే తేల్చుకోవాలి. మా టీచర్ ఒకసారి బోర్డు మీద చిన్న లెక్క రాశారు: 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆసిడ్ పీహెచ్ ఎంత? (మోలార్ అంటే లీటరుకి ఎన్ని మోల్‌లు అని; పీహెచ్ అంటే ఆసిడ్ తీవ్రతని చెప్పే అంకె, ఏడుకి తక్కువైతే ఆసిడ్, ఎక్కువైతే బేస్.) క్లాసంతా ఒక్కసారే "ఎనిమిది" అంది. "అంటే నీళ్ళలో ఆసిడ్ కలిపితే బేస్ అయిపోతుందా?" అని అడిగారావిడ. అంత పల్చటి ద్రావణంలో ఆసిడ్ ఇచ్చే హైడ్రోజన్ అయాన్ల కంటే నీళ్ళు తమంతట తాము ఇచ్చేవే ఎక్కువ. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్వచ్ఛమైన నీటిలో అవి 10⁻⁷ మోలార్ దాకా ఉంటాయి. రెండిటినీ లెక్కలోకి తీసుకుంటే పీహెచ్ 6.98 వస్తుంది, ఏడుకి వెంట్రుకవాసి తక్కువ. మేం వాడిన ఫార్ములా నీటి వాటాను వదిలేస్తుంది. ఆసిడ్ గాఢంగా ఉన్నంతవరకూ అలా వదిలేసినా ఫరవాలేదు, ఇక్కడ మాత్రం కుదరదు.

ఆ తర్వాత ఏ లెక్కయినా సరే, కాలిక్యులేటర్ ముట్టుకునే ముందు "బీకర్లో ఏమేం ఉన్నాయి, ఏది ఎక్కువ ఉంది" అని ఓ లైను రాయనిదే ఆవిడ పేపరు దిద్దేవారు కాదు. ఈ కోర్సులో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఆ ఒక్క లైనే.

టైట్రేషన్ (ఆసిడ్‌లోకి బేస్‌ని కొద్దికొద్దిగా వదులుతూ కొలవడం) లెక్కలకి అందరూ భయపడతారు కాబట్టి అక్కడ ఇదెలా పనిచేస్తుందో చెప్తాను. 0.1 మోలార్ అసిటిక్ ఆసిడ్ 25 మిల్లీలీటర్లు తీసుకుని, అంతే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్‌ని బ్యూరెట్ నుంచి వదులుతున్నారనుకోండి. మొదట్లో ఉన్నది దాదాపు అంతా విడిపోని ఆసిడే, పీహెచ్ సుమారు 2.9. 12.5 మిల్లీలీటర్లు పడేసరికి సగం ఆసిడ్, సగం అసిటేట్. అది బఫర్ (పీహెచ్‌ని త్వరగా మారనివ్వని మిశ్రమం), దాని పీహెచ్ ఆ ఆసిడ్ పీకేఏతో (ఆసిడ్ బలాన్ని చెప్పే అంకె) సమానం, అంటే సుమారు 4.75. సరిగ్గా 25 పడ్డాక ఆసిడ్ అయిపోయింది, మిగిలింది అసిటేట్, సోడియం అయాన్లు. అసిటేట్ నీటి నుంచి హైడ్రోజన్ అయాన్‌ని లాక్కుంటుంది కాబట్టి పీహెచ్ ఏడు దగ్గర ఆగదు, 8.7కి వెళ్తుంది. ఈ టైట్రేషన్ ఎక్కడ పూర్తయిందో రంగు మారి చూపించడానికి ఫినాల్ఫ్తలీన్ వాడతాం, మిథైల్ ఆరెంజ్ వాడం. ఎందుకో ఇప్పుడు బట్టీ పట్టక్కర్లేదు: మిథైల్ ఆరెంజ్ 4.4 దాటేసరికే రంగు మారడం పూర్తయిపోతుంది, అప్పటికింకా సగానికి పైగా ఆసిడ్ మిగిలే ఉంటుంది. విద్యార్థులు ఇక్కడ నాలుగు ఫార్ములాలు కంఠస్థం చేసి, పరీక్షలో ఏది ఎక్కడ వేయాలో తెలియక తికమకపడతారు. బీకర్ని చూడటం అలవాటైతే ఫార్ములా దానంతటదే తోస్తుంది.

ఆర్గానిక్ (కార్బన్ పదార్థాల కెమిస్ట్రీ) సంగతి కూడా ఇంతే. వందల రియాక్షన్ల పట్టిక చూస్తే ఎవరికైనా నీరసం వస్తుంది. కానీ ఎలక్ట్రాన్లు ఎక్కడ ఎక్కువున్నాయి, ఎక్కడ తక్కువున్నాయి అని చూడటం మొదలుపెడితే ఆ పట్టిక సగానికి సగం కుదించుకుపోతుంది. కార్బొనిల్‌లో (కార్బన్, ఆక్సిజన్ డబుల్ బాండ్‌తో కలిసిన చోట) ఆక్సిజన్ ఎలక్ట్రాన్లని తనవైపు లాక్కోవడంతో కార్బన్‌కి కొద్దిగా ధనావేశం వస్తుంది. సయనైడ్ వచ్చినా, గ్రిన్యార్డ్ రీఏజెంట్ (కార్బన్‌కి మెగ్నీషియం అతికిన పదార్థం) వచ్చినా దాడి చేసేది ఆ కార్బన్ మీదే. ఎలక్ట్రాన్లు ఎటు వెళ్తాయో బాణాలు గీస్తూ చదవండి, ఊరికే కళ్ళతో చదివితే ఎక్కదు.

బట్టీ అసలే ఉండదని మాత్రం చెప్పను. అయాన్ల పేర్లు, ఏ లవణం కరుగుతుంది ఏది కరగదు, జ్వాల రంగులు, ఇవి గుర్తుపెట్టుకోవాల్సిందే. మొదటి నెలలోనే వాటి పని పట్టేయండి.

లెక్కల గురించి మరీ భయపడకండి. నిష్పత్తులు, లాగరిథమ్‌లు, వర్గ సమీకరణం వస్తే చాలావరకు నడిచిపోతుంది. ఇబ్బందల్లా మోల్ భావన (పదార్థాన్ని కణాల లెక్కన కొలవడం) సరిగ్గా పట్టుబడని వాళ్ళకే, ఎందుకంటే ప్రతి చాప్టరూ దాని మీదే నిలబడి ఉంటుంది. మీరు సిద్ధంగా ఉన్నారో లేదో తెలుసుకోవాలంటే పుస్తకం మూసేసి ఈ లెక్క చేయండి: 10 గ్రాముల హైడ్రోజన్, 10 గ్రాముల ఆక్సిజన్ పూర్తిగా చర్య జరిపితే ఎన్ని గ్రాముల నీరు వస్తుంది? ఏది ముందు అయిపోతుందో మీ అంతట మీరే వెతికి, 11.25 గ్రాములని చెప్పగలిగితే నిశ్చింతగా పేరు ఇచ్చేయండి. 20 అనో 90 అనో వస్తే కోర్సు మానుకోవాల్సిన పనేం లేదు. క్లాసులు మొదలయ్యేలోపు మోల్ లెక్కలు, లిమిటింగ్ రీఏజెంట్ (ముందు అయిపోయే పదార్థం) లెక్కలు రోజూ కొన్ని చేయండి, సొల్యూషన్ చూసి అర్థమైందనిపించినవి కూడా మర్నాడు చూడకుండా మళ్ళీ చేయండి. ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నారో ఇక్కడే రాస్తే వివరంగా చెప్తాను.