డెక్ పలకలు వేసేలోపు వైర్ల పైపులు వేయించండి, లైట్లకు అప్పు వద్దు

ప్రశ్న: ఇంటి వెనక, ఆరుబయట కూర్చోడానికి చెక్క డెక్ కట్టిస్తున్నాం. ఫ్రేము నిలబెట్టారు, రెండు వారాల్లో పలకలు వేస్తారట. లైట్లు, ప్లగ్ పాయింట్లు, హీటరు, ఎప్పటికైనా హాట్ టబ్ (వేడినీళ్ల తొట్టి) పెట్టుకుంటే దానికో లైను, అన్నీ కలిపి ఎలక్ట్రీషియన్ వేసిన అంచనా నా రెండు నెలల జీతమంత ఉంది. నెలకు జీతంలో ఐదో వంతు మిగులుతుంది. అత్యవసర నిధి ఐదు నెలల ఖర్చులకు సరిపోతుంది. ఏడాదికి 15 శాతం వడ్డీతో 24 నెలల పర్సనల్ లోన్ వస్తుంది. పలకలు వేశాక మళ్లీ విప్పలేం కదా, అప్పు చేసైనా ఇప్పుడే అంతా చేయించమంటారా?

జవాబు: పలకలు విప్పాల్సి వస్తే నష్టమేనన్న మీ భయం సరైనదే. అయితే అది అంచనాలోని ప్రతి పద్దుకూ వర్తించదు. మీరు పంపిన కాగితంలో ఒక్కో పద్దునూ చూసుకుంటూ, ఇది మట్టి కిందో పలకల కిందో ఉండిపోయేదా, తర్వాత పైనుంచి బిగించుకోగలిగేదా అని విడదీశాను. గాడి తవ్వడం, వైర్లు పోయే పైపులు వేయడం, పూడ్చడం కలిపి మొత్తంలో పావు వంతు. వైరు, బోర్డులో బ్రేకర్లు, లైట్లు, రెండు ప్లగ్ పాయింట్లు 35 శాతం. మిగతా 40 శాతం హీటరుకూ, మీరింకా కొనని హాట్ టబ్ లైనుకూ పోతోంది. ఈ రెండు వారాల్లో తప్పనిసరిగా జరగాల్సింది ఆ పావు వంతు పని ఒక్కటే. అంటే సగం నెల జీతం.

అప్పు సంగతి చూద్దాం. రెండు నెలల జీతమంత మొత్తానికి 15 శాతం వడ్డీతో 24 నెలలంటే, నెలనెలా మీ జీతంలో దాదాపు పదో వంతు వాయిదాకే పోతుంది. ఇప్పుడు మిగులుతున్న ఐదో వంతు రెండేళ్ల పాటు సగానికి పడిపోతుంది. మొత్తం వడ్డీ సుమారు పది రోజుల జీతం. సాయంత్రాలు కూర్చునే చోటికి వెలుగు కావాలని రెండేళ్లు చేతులు కట్టేసుకోవడం నాకు నచ్చలేదు.

నేనైతే ఇలా చేయమంటాను. పైపుల పనికి అత్యవసర నిధిలోంచి సగం నెల జీతమంత తీయండి. మీ మిగులుతో మూడు నెలల్లోపే అది తిరిగి నిండుతుంది. ఆ తర్వాత మూడున్నర నెలల మిగులుతో వైరు, లైట్లు, ప్లగ్ పాయింట్లు వేయించండి. ఏడో నెలకల్లా రూపాయి వడ్డీ లేకుండా డెక్ మీద దీపాలు వెలుగుతాయి. ఎలక్ట్రీషియన్‌ను రెండుసార్లు పిలిస్తే కూలి కొంత పెరుగుతుంది, నిజమే. అందుకే పనిని రెండు విడతలుగా విడగొట్టి, ఒక్కో విడతకు విడిగా అంచనా రాసిమ్మని ఇప్పుడే అడగండి.

పైపుల దగ్గర మాత్రం కక్కుర్తి పడకండి. అసలు ఆదా అంతా అక్కడే ఉంది. గాడి ఎటూ తవ్వుతున్నారు కాబట్టి, పక్కనే ఇంకో పైపు వేయడానికి అదనంగా అయ్యేది పైపు ఖరీదే. అవసరం అనుకున్న దానికంటే ఒక సైజు పెద్దది వేయించండి. హాట్ టబ్ కోసం ఒక లావు పైపు, తక్కువ వోల్టేజీ తీగలకు ఒక సన్న పైపు విడిగా ఉండాలి. మలుపులు గుండ్రంగా తిప్పాలి, లేకపోతే రేపు వైరు లాగేటప్పుడు ఇరుక్కుంటుంది. తర్వాత వైరు లాగడానికి ప్రతి పైపులో నైలాన్ తాడు వదిలి, రెండు కొసలకూ మూతలు బిగించాలి. వైర్లు కలిపే జంక్షన్ బాక్సు ఏదీ పలకల కింద మూసుకుపోకూడదు, చేతికి అందాలి. లోతు అడుగున్నర నుంచి రెండడుగులు ఉండడం మామూలే కానీ, మీ ప్రాంత నిబంధన ఎంత చెబితే అంత తవ్వించండి. అనుమతి తీసుకోవాల్సి ఉంటే అది గాడి తవ్వకముందే తీసుకోండి.

హాట్ టబ్ వైరు ఇప్పుడు కొనడం గుడ్డిలెక్క. ఎంత మందం వైరు కావాలో టబ్ మోడల్ చెబుతుంది. ఆ డబ్బు చేతిలోనే ఉంచుకోండి, ఖాళీ పైపు చాలు.

హీటరు విషయంలో కొనే ఖర్చు కంటే నడిపే ఖర్చు చూడండి. 5 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు పది, రోజుకు 4 గంటలు వెలిగితే 0.2 యూనిట్లు, నెలకు 6 యూనిట్లు. 2,000 వాట్ల హీటరు ఒక్క సాయంత్రం 3 గంటలు వేస్తే అవే 6 యూనిట్లు. నెలంతా లైట్లు తాగే కరెంటును అది ఒక్క పూటలో తాగేస్తుంది. ఒక చలికాలం అది లేకుండా గడిపి చూశాక కావాలనిపిస్తే కొనండి.

లైట్లకు 12 వోల్టుల సెట్టు తీసుకుంటే ఖర్చూ ప్రమాదమూ రెండూ తగ్గుతాయి. ఇంటి కరెంటును 12 వోల్టులకు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్‌ను మాత్రం డెక్‌కు దగ్గరగా పెట్టించండి. అవే పది లైట్లకు 20 మీటర్ల దూరం నుంచి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో కరెంటు తెస్తే దాదాపు 2 వోల్టులు దారిలోనే పోతాయి. లైట్లు మసకబారతాయి.

ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు), ఎర్తింగ్, వాన తట్టుకునే ప్లగ్ బాక్సులు, వీటిలో దేన్నీ తగ్గింపు కోసం వదులుకోకండి. తడి కాళ్లతో తిరిగే చోటు అది. 30 మిల్లీయాంపియర్ల లీకేజీకే కరెంటు కట్టయ్యే ఆర్‌సీసీబీ ఉండాలి. వాన నేరుగా తగిలేచోట దుమ్మునూ నీటి ధారనూ లోపలికి రానివ్వని ఐపీ65 రేటింగ్ ఉన్న బాక్సులే పెట్టించండి. పని లైసెన్సు ఉన్నవాళ్ల చేతే చేయించండి. లైసెన్సు లేనివాళ్లు చేసిన వైరింగ్ వల్ల నష్టం జరిగితే ఇంటి బీమా క్లెయిమ్ దగ్గర పేచీ రావచ్చు. పాలసీలో ఆ షరతు ఉందేమో ముందే చదవండి.

డబ్బు ఒక్కసారిగా ఇవ్వొద్దు. మొదటి విడతలో గాడి పూడ్చకముందు మీరే దగ్గరుండి, టేపు పెట్టి లోతు కొలిచి ఫొటోలు తీసుకున్నాక సగం ఇవ్వండి. మిగతాది తాడు రెండు కొసల నుంచీ లాగి చూసి, అడ్డు లేకుండా కదిలిందంటేనే ఇవ్వండి. రెండో విడతలో చివరి వాయిదా ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ మీ చేత్తో నొక్కి చూసి, పరీక్షల రిపోర్టు అందుకున్నాకే. ఆ ఫొటోలూ రిపోర్టూ బీమా కాగితాలతో కలిపి దాచండి.