ఎపాక్సీ వేసేముందు నేల జాయింట్లను దేనితో నింపాలి?

ప్రశ్న: గుంటూరు దగ్గర మా గోదాములో నేల కాంక్రీటు మందం 150 మి.మీ. పోసి ఆరు నెలలైంది. 4 మి.మీ. వెడల్పు కటింగ్ జాయింట్లు 100 మీటర్ల దాకా ఉన్నాయి. మేస్త్రీ వాటిని వాల్ పుట్టీతో మూసి ఎపాక్సీ (నేలకు వేసే గట్టి రెసిన్ పూత) కొడితే గీతే కనపడదంటున్నాడు. గోడల వెంట థర్మాకోల్ పెట్టిన 20 మి.మీ. సందులనూ అలాగే మూసేయవచ్చా? పాలెట్ ట్రక్కులు తిరుగుతాయి.
– ఒక పాఠకుడు

జవాబు: పుట్టీ వద్దండి. కాంక్రీటు ఆరేకొద్దీ కుంచించుకుపోయి చీలుతుంది. ఆ చీలిక ఎక్కడపడితే అక్కడ రాకుండా కోత వెంటే రావాలని జాయింటు కోస్తారు. చలికి అది తెరుచుకుంటుంది, వేడికి కొంత మూసుకుంటుంది. ఆ కదలికకు పుట్టీ పొడిగా రాలిపోతుంది, పైనున్న ఎపాక్సీ గీత వెంట చిట్లుతుంది. పాలెట్ ట్రక్కు చక్రాలు చిన్నవి, గట్టివి. కింద ఊతం లేకపోతే కోత అంచులు పెచ్చులూడతాయి.

సెమీ రిజిడ్ (గట్టిగా ఉంటూనే కాస్త సాగే) ఎపాక్సీ గానీ పాలీయూరియా గానీ జాయింట్ ఫిల్లర్ తీసుకోండి. గట్టిదనం షోర్ ఎ (రబ్బరులాంటి పదార్థాల గట్టిదనం కొలిచే స్కేలు) మీద 80కి తగ్గకూడదు. సిలికాన్ జోలికి అసలు పోవద్దు, దానిమీద ఎపాక్సీ పట్టదు.

ముందు నేల గ్రైండింగ్ పూర్తిచేయించండి. తర్వాత డైమండ్ బ్లేడును కోతలో మళ్లీ నడిపి, కోతకు రెండు పక్కలా తాజా కాంక్రీటు తేలేలా చేసి, వాక్యూమ్‌తో దుమ్ము లాగించండి. నీళ్లతో కడిగితే పూర్తిగా ఆరేదాకా ఆగాలి. అడుగు చీలికలోకి ఫిల్లర్ కారిపోకుండా పొడి సిలికా ఇసుక పలుచగా చల్లితే చాలు. ఈ కోతల్లో బ్యాకర్ రాడ్ (సందులో దూర్చే మెత్తని ఫోమ్ తాడు) పెట్టకూడదు, పెడితే ఫిల్లర్ లోతు తగ్గి చక్రం బరువుకు కుంగుతుంది.

కోత లోతు సాధారణంగా మందంలో పావు వంతు, అంటే మీకు సుమారు 38 మి.మీ. ఆ లెక్కన మీటరుకు 152 మి.లీ., మొత్తం 15 లీటర్ల పైచిలుకు. వృథాతో కలిపి 17 లీటర్లు తెప్పించండి. నేల మట్టం కంటే కాస్త ఉబ్బుగా పోసి, గట్టిపడ్డాక పదునైన బ్లేడుతో సమంగా చెక్కేయాలి. నున్నగా మెరిసే చోట గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తీశాకే ప్రైమర్.

గోడ పక్క సందుల పని వేరు. నేల స్వేచ్ఛగా కదలడానికే అవి ఉన్నాయి, గట్టి పదార్థంతో బిగించకూడదు. ఎపాక్సీని అంచు దగ్గరే ఆపి, అది ఆరాక పైభాగపు థర్మాకోల్ తీసి, 25 మి.మీ. బ్యాకర్ రాడ్ దూర్చి, పైన 10 మి.మీ. లోతున పాలీయూరిథేన్ సీలెంట్ నింపించండి.

ఇంత చేసినా కటింగ్ జాయింటు మీద సన్నని గీత తేలే అవకాశం ఉంది, కాంక్రీటు కుంచింపు ఆరు నెలలకే ఆగిపోదు. ఆ గోదామును మిర్చి కోల్డ్ స్టోరేజీగా మార్చే ఆలోచన ఉంటే మాత్రం ఇప్పుడు నింపకండి. గది నడిపే ఉష్ణోగ్రతకు చల్లబడి, నేల కుదురుకున్నాక, ఆ చలిలో గట్టిపడే రకం ఫిల్లర్‌తో నింపించాలి.