సీన్‌కి ఇచ్చిన పాటని ఆల్బమ్‌లో కూడా పెట్టేశారు, కాపీరైట్ స్ట్రైక్ వెయ్యొచ్చా?

ప్రశ్న: నేనే రాసి, ట్యూన్ కట్టి, పాడిన పాప్ సాంగ్‌ని ఫ్రెండ్ అడిగాడని వాళ్ళ రొమాంటిక్ కామెడీ సినిమాకి ఫ్రీగా ఇచ్చాను. ఫైల్ మెయిల్‌లో పంపినప్పుడు ‘కెఫే సీన్ కోసం’ అని రాశాను, మిగతాదంతా వాట్సాప్‌లోనే, ఫోన్ మార్చాక ఆ చాట్ పోయింది. సినిమాతో పాటే రకరకాల పాప్ పాటలు కలిపి సౌండ్‌ట్రాక్ ఆల్బమ్ వేశారు, అందులో నా పాట ఉంది, నా పేరు లేదు. రెండున్నరేళ్ళయింది, రూపాయి రాలేదు. అడిగితే ‘నువ్వే కదా వాడుకోమన్నావ్’ అంటున్నాడు. ప్రాణ స్నేహితుడే ఇలా చేశాడని నిద్ర పట్టట్లేదు. ఆల్బమ్ మొత్తం మీద కాపీరైట్ స్ట్రైక్ (పాటలు తీసేయమని యాప్స్‌కి ఇచ్చే కంప్లైంట్) వేసేయనా?

జవాబు: వద్దు. అదెందుకో కింద చెప్తా.

స్నేహం సంగతి కోర్టుకి అక్కర్లేదండీ. మీ కేసంతా ‘కెఫే సీన్ కోసం’ అన్న ఆ ఒక్క ముక్క మీదే ఉంది. బొమ్మకి పాట కలుపుకోడానికి ఇచ్చే సింక్ పర్మిషన్ వేరు, అదే పాటని ఆల్బమ్‌లో పెట్టి అమ్ముకునే హక్కు వేరు. ఇలాంటి సినిమాల్లో విని నచ్చిన పాట కోసం సౌండ్‌ట్రాక్ ఆల్బమ్ వెతికితే ఒక్కోసారి అందులో ఉండదు చూడండి, పాట ఓనర్లు సీన్‌కి ఒప్పుకుని ఆల్బమ్‌కి ఒప్పుకోకపోతే జరిగేది అదే. మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం హక్కు రాసివ్వాలంటే కాగితం, సంతకం ఉండాలి, లైసెన్స్ అయినా రాతపూర్వకంగానే ఉండాలి, ఏ హక్కు ఇస్తున్నారో అందులో తెలియాలి. మీ రాతలో సీన్ ఉంది, ఆల్బమ్ లేదు.

కానీ ఆ చాట్! పాటని ఊరికే ఇవ్వడం ఒక తప్పు, ఒక్క కాగితం రాసుకోకపోవడం ఇంకోటి, ఉన్న ఒక్క చాట్‌నీ బ్యాకప్ లేకుండా పోగొట్టుకోవడం మూడోది. మీ దగ్గర పోయింది గానీ ఆయన ఫోన్‌లో ఉండే ఉంటుంది, అందులో ‘ఎక్కడైనా వాడుకో’ అని మీరు సరదాకి టైప్ చేసి ఉంటే వాళ్ళ లాయర్ ముందు తీసేది అదే. కాబట్టి ఏం రాశారో గుర్తు చేసుకుని మీ లాయర్‌కి ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ మెయిల్‌ని డిలీట్ చెయ్యకండి, ఒరిజినల్ అలాగే ఉంచండి. ఉత్త స్క్రీన్‌షాట్ చాలదు, సాక్ష్యాల చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియం, సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ కావాలి.

ఇంకోటి, రికార్డింగ్ ఖర్చు ఎవరు పెట్టారు? ట్యూన్, సాహిత్యం మీవే, అందులో అనుమానం లేదు, కానీ రికార్డింగ్ హక్కు దాన్ని పూనుకుని చేయించిన వాళ్ళది. మీరే చేయించుకుంటే స్టూడియో బిల్లు వెతకండి.

ఇప్పుడు స్ట్రైక్. ఆల్బమ్‌లో మిగతా పాటలు వేరే వాళ్ళవి, వాటి మీద మీకేం హక్కుంది? మొత్తం నాదే అన్నట్టు కంప్లైంట్ పెడితే అది అబద్ధం, ఆధారం లేకుండా బెదిరించారని కాపీరైట్ చట్టం సెక్షన్ 60 పట్టుకుని వాళ్ళే తిరిగి మీ మీద కేసు వెయ్యొచ్చు, అప్పుడు బాధితులు వాళ్ళవుతారు.

టైమ్ సంగతికొస్తే, నష్టపరిహారానికి, లెక్కలు అడగడానికి ఉల్లంఘన జరిగిన రోజు నుంచి 3 ఏళ్ళు. ఆల్బమ్ ఇంకా యాప్స్‌లో ఉంది కాబట్టి ఉల్లంఘన రోజూ కొత్తగా జరుగుతోందని మేం లాయర్లం వాదిస్తాం, సరే, కానీ పాత నెలల డబ్బు మాత్రం జారిపోతుంది. ఇలాంటి ఆల్బమ్ ఎక్కువగా వినేది సినిమా కొత్తలోనే కదా, అంటే ముందు చేయి జారేది పెద్ద ముక్కే. మీకు మిగిలింది ఆరు నెలలు.

అందుకని ఈ వారమే ఫ్రెండ్‌కి కాదు, నిర్మాతకీ ఆల్బమ్ వేసిన మ్యూజిక్ కంపెనీకీ లాయర్ నోటీసు పంపండి, మీ ఒక్క పాట గురించే. పేరు వెయ్యాలని సెక్షన్ 57 కింద అడగండి, హక్కులన్నీ అమ్మేసినా ఆ హక్కు పోదు. విడుదల నుంచి లెక్కలు అడగండి. సాహిత్యానికీ ట్యూన్‌కీ రావాల్సిన రాయల్టీలో మీ సమాన వాటాని వదులుకున్నానని సంతకం పెట్టినా చెల్లదు, 2012 సవరణ అదే చెప్తుంది, పాటల రచయితలకీ స్వరకర్తలకీ రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో మెంబర్ కాకపోతే వెంటనే అవ్వండి. నోటీసుకి దిగిరాకపోతే, క్లెయిమ్ 3 లక్షలు దాటితే కమర్షియల్ కోర్టు, దానికి ముందు మీడియేషన్ (మధ్యవర్తి దగ్గర రాజీ ప్రయత్నం) తప్పనిసరి, అర్జెంట్ స్టే అడిగితే తప్ప. రెండున్నరేళ్ళు ఊరుకుని ఇప్పుడు అర్జెంట్ అంటే జడ్జిగారు ఎందుకని అడుగుతారు, కాబట్టి మీడియేషన్‌కే వెళ్ళండి, అక్కడ గడిచిన టైమ్ ఆ 3 ఏళ్ళ లెక్కలోకి రాదు.