రిజల్ట్, ఇన్సల్ట్, కన్సల్ట్: ఏవి చుట్టాలు?

ప్రశ్న: ‘రిజల్ట్’, ‘ఇన్సల్ట్’, ‘కన్సల్ట్’ అనే ఇంగ్లిషు మాటలు ఒకే ధాతువు నుంచి పుట్టాయా? ‘రిజల్ట్’కు ఫలితమనే అర్థం ఎలా వచ్చింది? క్రికెట్‌లో డ్రాను రిజల్ట్‌గా ఎందుకు లెక్కించరు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మొదటి రెండూ తోబుట్టువులు, మూడోదానికి వాటితో చుట్టరికం లేదు.

లాటిన్‌లో ‘సలీరే’ అంటే దూకడం, ‘సల్తారే’ అంటే గంతులు వేయడం. వెనక్కి అనే అర్థమిచ్చే ‘రె’ దాని ముందు చేరినప్పుడు ‘స’ కాస్తా ‘సు’గా మారి ‘రెసుల్తారే’ అయింది. అంటే దేనికో తగిలి వెనక్కి ఎగిరి రావడం. ప్రతిధ్వనికీ ఇదే మాట వాడేవారు. వ్యవసాయం మీద కావ్యం రాసిన వర్జిల్, రాళ్లకు తగిలి ధ్వని మారుమోగే చోట తేనెటీగలను పెంచవద్దని హెచ్చరిస్తూ ఈ క్రియనే ప్రయోగించాడు. మధ్యయుగాల పండితుల లాటిన్‌లో అది ఒక విషయం నుంచి మరొకటి పర్యవసానంగా వెలువడటం అనే అర్థానికి మళ్లింది. ఆ అర్థంతోనే 15వ శతాబ్దంలో ఇంగ్లిషులో క్రియగా ప్రవేశించి, 17వ శతాబ్దానికి నామవాచకంగానూ వాడుకలోకి వచ్చింది. భౌతికశాస్త్రంలో మనం ఫలిత బలం అని చదువుకునే ‘రిజల్టెంట్’ దీని బిడ్డే.

‘ఇన్సల్ట్’ అంటే మొదట మీదికి దూకడం. ఇప్పుడది మాటల దాడికి పరిమితమైందనిపిస్తుంది గాని, మెదడుకో మరో అవయవానికో కలిగిన హానిని వైద్యులు నేటికీ ఇన్సల్ట్ అనే అంటారు. ‘కన్సల్ట్’ మాత్రం సలహా అడగడమనే అర్థమున్న ‘కొన్సులేరే’ నుంచి వచ్చింది. అందులో దూకుడేమీ లేదు.

ఇక ఆటల సంగతి. బ్రిటన్‌లో ఫుట్‌బాల్ అభిమానులు తమ జట్టుకు రిజల్ట్ వచ్చిందంటే సాధారణంగా గెలిచిందనే అర్థం. టెస్టు క్రికెట్‌లో ఆట పూర్తికాకముందే గడువు ముగిస్తే డ్రా అవుతుంది గనుక, అక్కడ తేలినది ఏమీ లేదు. వాన వల్ల అర్ధాంతరంగా ఆగిపోయి ఎటూ తేలని వన్డేకు ‘నో రిజల్ట్’ అని రాస్తారు. టై వేరు. 1986లో మద్రాసులో భారత్, ఆస్ట్రేలియా ఆడిన టెస్టులో చివరి ఓవర్ అయిదో బంతికి మణీందర్ సింగ్ అవుటయ్యేసరికి స్కోర్లు సమానమయ్యాయి. ఎవరూ గెలవకపోయినా ఆట చివరి వికెట్ దాకా పూర్తయింది కాబట్టి, దాన్ని రిజల్ట్‌గా లెక్కించడమే సబబు.