‘నా బతుకుల రాసేటంత ఏమున్నది’ అనే బాపుతోని మాట్లాడించుడెట్ల?

‘వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసిన మా బాపు జీవితం రాసిపెడదామంటే, నాదేమున్నది అని లేచిపోతున్నడు’ అని అడిగిండ్రు గదా. ‘నీ జీవితం చెప్పు’ అంటే ఎవరైనా లేచిపోతరు. పని గురించి అడగండి. స్పిన్నింగా (నూలు వడికేదా), వీవింగా (బట్ట నేసేదా)? రాత్రి షిఫ్టుకు సద్ది ఏం కట్టుకపోయేది? తెగిన పోగు ఎట్ల అతికేది? ఈ చివరిదానికి ఉత్త నోటితోని జవాబు రాదు. జానెడు నూలు దారం చేతికియ్యండి. స్పిన్నింగ్‌ల ముడి ఉండదు, తిరిగే కదురు మెలిలోనే పోగు కలిసిపోవాలె; వీవింగ్‌ల అయితే చిన్న ముడి. వేళ్లు చేసి చూపిస్తయి, మాట వాటెనక వస్తది. జీతం ఎంత అన్న ప్రశ్న కూడా అంతే, అంకె చెప్పి ఊకుంటరు. మొదటి జీతం ఎవరి చేతుల పెట్టిండో అడిగితే ఇల్లంతా బయటికొస్తది.

సంవత్సరాల కాడ మాత్రం పట్టుబట్టొద్దు. గుర్తులు ఇయ్యండి: 1969 తెలంగాణ ఉద్యమం, 1980 ఫిబ్రవరి 16 నాటి సూర్యగ్రహణం, 1983ల ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం, 2002ల మిల్లు మూత. ‘గ్రహణం నాడు పెద్దబిడ్డ నడుస్తుండెనా, చంకల ఉండెనా’ అంటే లెక్క తేలుతది. మేడారం జాతర రెండేండ్లకోసారి కాబట్టి మొక్కుల లెక్క గూడ పనికొస్తది. బడి సర్టిఫికెట్ మీది పుట్టినతేదీని నమ్మకండి. ఆ తరంల చానామందికి అది సారు వేసిన తేదీ. పాత కాయితాల మీద ఫస్లీ (నిజాం కాలంల వాడిన సంవత్సరం లెక్క) ఉంటే 590 కలపండి, ఒక ఏడు అటూఇటుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తది.

రికార్డింగుకు ఫోన్ చాలు. ఫ్లైట్ మోడ్ల పెట్టకుంటే నడుమ కాల్ వచ్చి ఆగిపోతది, అది మీకు గంట తర్వాత తెలుస్తది. ఫ్యాన్ బందు చేయండి, చెవికి అలవాటైన ఆ చప్పుడు రికార్డుల మాటల్ని మింగుతది. మడిచిన తువ్వాల మీద, ఆయనకు మూరెడు దూరంల పెట్టాలె. పొద్దుగాల చాయ్ తాగినంక 40 నిమిషాలు, అంతకు మించొద్దు. మొదలు తేదీ, పేరు మీరే చెప్పండి. ఆయన ఆగితే మీరు ఎగబడి ఇంకో ప్రశ్న వేయకండి, అసలు మాట ఆ ఊకున్నంక వస్తది.

ఆయన దోస్తును ఒక్కన్నే పిలవండి. ఇద్దరుంటే ఒకరి మరుపు ఒకరు దిద్దుకుంటరు, ముగ్గురైతే ఎవరి గొంతు ఏదో తెలువది. అమ్మను మాత్రం వేరే రోజు, ఆయన ఇంట్ల లేనప్పుడు కూసోబెట్టాలె. పక్కన ఆయన ఉంటే ‘మీరే చెప్పుండ్రి’ అంటది. నిజానికి పిల్లల జరాలు, అప్పులు, ఎవల పెండ్లికి ఏం పెట్టిండ్రు, ఇవన్నీ ఆమె కాడనే ఉంటయి.

ఫ్రేము అద్దానికి అంటుకున్న పాత ఫోటోను పీకకండి, బొమ్మ అద్దానికే వస్తది. ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుగుల అద్దంతోనే ఫోటో తీయండి. వెనక పేర్లు రాయాలంటే మెత్తని పెన్సిల్. బాల్‌పెన్ అచ్చు ముందటికి ఉబ్బుతది. కాయితాలకు లామినేషన్ అసలే వద్దు.

గంట మాట రాయడానికి ఐదారు గంటలు పడుతది. వాయిస్ టైపింగుతోని తొందరగ అయితది గని ‘వచ్చిండు’ను ‘వచ్చాడు’ చేస్తది. అన్నీ మళ్ల దిద్దాలె. ఆయన మాట ఆయన యాసలనే ఉండనియ్యండి.

భూమి పంపకాలు, అన్నదమ్ముల పంచాయితీలు వస్తే రికార్డు చేయండి గని ప్రింటుల పెట్టే ముందు ఆ పేజీలు ఆయనకు చదివి వినిపించి, కొట్టేయమన్నవి కొట్టేయండి. అక్షరం పెద్దగా, 16 పాయింట్లకు తక్కువ కాకుండ చూడండి, మొదటి కాపీ చదివేది ఆయనే.