చదవడం రావట్లేదని టీసీ తీసుకోమంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా బాబు ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం స్కూల్లో 9వ తరగతి చదువుతున్నాడు. పాఠం ఎవరైనా చదివి వినిపిస్తే చక్కగా జవాబు చెప్తాడు. తనే చదవాలంటే తడబడతాడు, రాస్తే అన్నీ తప్పులే. ఇంట్లో మోటారు, ఇన్వర్టరు పాడైతే మాత్రం వాడే విప్పి బాగు చేస్తాడు. స్కూలు వాళ్లు "పదో తరగతి రిజల్ట్ దెబ్బతింటుంది, టీసీ తీసుకుని స్పెషల్ స్కూల్లో వేయండి" అంటున్నారు. మా ఆయన, తనకూ చిన్నప్పుడు చదువు అబ్బలేదని, వీణ్ణి చదువు మాన్పించి మా బట్టల అంగట్లో కూర్చోబెడతానంటున్నారు. సర్టిఫికెట్ తీసుకుంటే వికలాంగుడని ముద్ర పడి రేపు పెళ్లికి అడ్డమవుతుందేమోనని నా భయం. వాడి నోట్సు పేజీలు ఫొటో తీసి పంపుతున్నాను. వాడికి ముందుదారి ఉందా?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, టీసీ తీసుకోకండి. మిగతావన్నీ నిదానంగా చూసుకోవచ్చు గానీ ఈ ఒక్కటీ రేపే చెప్పేయండి. స్కూలు వాళ్లు ఇచ్చే ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. పెడితే రేపు "తల్లిదండ్రులే అడిగి తీసుకెళ్లారు" అంటారు. పదో తరగతిలో నూటికి నూరు శాతం పాస్ చూపించుకోవడానికి తొమ్మిదిలోనే కొందరు పిల్లల్ని బయటికి పంపేయడం మన వైపు నేను తరచూ వింటున్నదే. వినీ వినీ అలవాటైపోయింది గానీ, ఇది తప్పు.

మీరు పంపిన పేజీలు నిదానంగా చూశాను. తెలుగులో "ప్రభుత్వం" రాయాల్సిన చోట "పభుతం" అని ఉంది. "కృష్ణా" పోయి "కిషా" అయింది. వత్తులు పోయాయి, దీర్ఘాలు ఒకచోట ఉంటే ఇంకోచోట లేవు. ఇంగ్లిష్‌లో బి రాయాల్సిన చోట డి, డి రాయాల్సిన చోట బి పడ్డాయి. లెక్కల నోట్సు చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తోంది. అంకెలతో ఇచ్చిన లెక్కలు దాదాపు అన్నీ రైటు. "ఒక వ్యాపారి ఇంత ధరకు కొని..." అని మాటల్లో ఇచ్చినవి మాత్రం ఖాళీ. లెక్క రాని పిల్లాడైతే రెండూ తప్పాలి. మీవాడికి లెక్క వచ్చు, ప్రశ్న చదవడమే రావట్లేదు. ఈ తేడా ఇంతకాలం ఏ టీచరూ పట్టించుకోకపోవడం నాకు చాలా బాధనిపించింది.

ఇవి డిస్లెక్సియా, అంటే తెలివి బాగానే ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది లక్షణాల్లా కనిపిస్తున్నాయి. అయితే ఫొటోలు చూసి తేల్చే విషయం కాదు, పరీక్ష చేయించాలి. ముందు కంటి డాక్టరు దగ్గర చూపు, ఈఎన్‌టీ దగ్గర వినికిడి చూపించండి. ఆ రెండూ బాగుంటే క్లినికల్ సైకాలజిస్టు ఐక్యూ పరీక్షతో పాటు చదవడం, రాయడం, లెక్కలు విడివిడిగా పరీక్షిస్తారు. మన దేశంలో దీనికి ఎక్కువగా వాడేది బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ తయారుచేసిన పరీక్ష. కడప సర్వజన ఆసుపత్రిలో పిల్లల విభాగంలోనో మానసిక విభాగంలోనో మొదట అడగండి. పిల్లల ఎదుగుదల సమస్యల కోసం, పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకమైన ఆర్‌బీఎస్‌కే కింద జిల్లా స్థాయిలో డీఈఐసీ (సమస్యల్ని తొందరగా గుర్తించి సాయపడే) కేంద్రాలున్నాయి, అవి 18 ఏళ్లలోపు పిల్లలందరికీ. అక్కడ కుదరకపోతే నెల్లూరులో దివ్యాంగులకు సేవలందించే కేంద్ర ప్రభుత్వ కాంపోజిట్ రీజినల్ సెంటర్ ఉంది. "మూడు నెలల్లో నయం చేస్తాం" అనే సెంటర్ల జోలికి మాత్రం వెళ్లకండి. డిస్లెక్సియాకు మందు బిళ్లలు లేవు. నేర్పే పద్ధతి మార్చాలి, అంతే. ఆ నేర్పే మనిషికి, ప్రత్యేక బోధన నిపుణుల్ని నమోదు చేసే రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో అడగండి. ఉన్నవాళ్లు వెంటనే చూపిస్తారు.

స్పెషల్ స్కూలు అవసరం లేదు. తెలివిలో తోటి పిల్లలకు తీసిపోని పిల్లాణ్ణి అక్కడ వేస్తే వాడికి రావాల్సిన సైన్సూ లెక్కలూ కూడా వెనకబడతాయి. వాడు ఉన్న బడిలోనే ఉంటూ, రోజూ కాసేపు విడిగా చదవడం నేర్చుకోవాలి. నా మాట మీద నమ్మకం కుదరకపోతే చట్టం చూడండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, డిస్లెక్సియా అని తేలితే మీవాడి ఇబ్బంది అందులో ఒకటి. ఆ చట్టం 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి బడీ వివక్ష లేకుండా ఇలాంటి పిల్లల్ని చేర్చుకోవాలి, వాళ్లకు తగ్గ వెసులుబాట్లు ఇవ్వాలి. నేర్చుకోవడంలో ఇబ్బందుల్ని వీలైనంత త్వరగా గుర్తించి తగిన పద్ధతిలో బోధించాలని కూడా అందులోనే ఉంది. అంటే గుర్తించాల్సిన బాధ్యత బడిదే. హెడ్మాస్టరుకు ఇదంతా ఒక పేజీ ఉత్తరంగా రాసివ్వండి, మీ దగ్గర ఉంచుకునే కాపీ మీద స్టాంపు వేయించుకోండి. దానికీ కదలకపోతే డీఈవో ఆఫీసుకు, సమగ్ర శిక్షలో సహిత విద్య (దివ్యాంగ పిల్లల్ని మామూలు బడిలోనే చదివించడం) చూసే అధికారికి అదే కాపీ ఇవ్వండి. మండలంలో ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వ భవిత కేంద్రం ఉంటుంది, ఎంఈవో ఆఫీసులో అడిగితే ఎక్కడో చెప్తారు. అక్కడి టీచర్లకు స్పెషల్ ఎడ్యుకేషన్‌లో శిక్షణ ఉంటుంది. మాది ప్రైవేటు బడి కదా అని మొహమాటపడకుండా వెళ్లి ఒకసారి పిల్లాణ్ణి చూపించండి.

ఇక సర్టిఫికెట్, పెళ్లి. ఈ భయం మీ ఒక్కరిదే కాదు, నన్ను అడిగే తల్లుల్లో చాలామందిది ఇదే. యూడీఐడీ కార్డు, అంటే ప్రభుత్వం ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు, మీ బీరువాలో ఉండే కాగితం. పరీక్షలో, అడ్మిషన్లో, ఉద్యోగంలో కావాలనుకున్నప్పుడు చూపిస్తారు, అక్కర్లేకపోతే లేదు. అది లేకపోతే పోయేవి మాత్రం చాలా ఉన్నాయి. వైకల్యం 40 శాతం, ఆపైన అని మెడికల్ బోర్డు ధ్రువీకరిస్తే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్ల రిజర్వేషన్ వర్తిస్తుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం ఉంటే, అందులో ఒక శాతం ఆటిజం, డిస్లెక్సియా వంటి ఇబ్బందులున్నవాళ్లందరికీ కలిపి కేటాయించారు. 40 కంటే తక్కువ వచ్చినా దిగులు పడకండి. రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకు 40 శాతం లేదన్న కారణంతో, చెప్పింది రాసిపెట్టే మనిషిని, అంటే స్క్రైబ్‌ను నిరాకరించకూడదని 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాని తర్వాత 2022లో కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. దరఖాస్తు యూడీఐడీ పోర్టల్లో చేయాలి, మీ వార్డు సచివాలయంలో సాయం చేస్తారు.

పదో తరగతి గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఆలస్యం చేసి నష్టపోతారు. స్క్రైబ్, అదనపు సమయం లాంటివి పరీక్ష రోజు వెళ్లి అడిగితే రావు. పదో తరగతి మొదలైన కొన్ని నెలల్లోనే స్కూలు నుంచి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితాలు) వెళ్తాయి, మీ సర్టిఫికెట్ ఆ కాగితాలతో పాటే పోవాలి. కాబట్టి వేసవి సెలవుల్లోపే ఆసుపత్రి పని ముగించుకోండి. రెండోది, స్క్రైబ్‌తో పరీక్ష రాయడం వేరే విద్య. జవాబు తెలిసిన పిల్లలు కూడా పక్కన కొత్త మనిషి కూర్చుంటే బిగుసుకుపోతారు. వాడు ప్రశ్నను రెండుసార్లు చదివించుకోవాలి, జవాబును పాయింట్లుగా చెప్పాలి, ఎక్కడ కొత్త లైను మొదలుపెట్టాలో చెప్పాలి, సూత్రాన్ని అక్షరం అక్షరం చెప్పాలి, రాసింది తిరిగి చదివించుకుని సరిచేయించాలి. ఇదంతా ఇంట్లోనే అలవాటు చేయొచ్చు. స్క్రైబ్ సాధారణంగా కింది తరగతి పిల్లాడు ఉంటాడు గనక, పక్కింటి ఎనిమిదో తరగతి పిల్లాణ్ణి ఆదివారం కూర్చోబెట్టి ఒక పాత ప్రశ్నపత్రం మొత్తం రాయించండి. మొదటిసారి సగం పేపరు కూడా కాకపోవచ్చు. నాలుగైదు వారాలు గడిచాక మీకే తేడా తెలుస్తుంది.

ఇంట్లో చదివే పద్ధతి కూడా మార్చండి. రెండు గంటలు కూర్చోబెట్టి తిడుతూ చదివించే బదులు ఇరవై నిమిషాలు మీరు చదవండి, వాడు విని తిరిగి చెప్పాలి. ఇంగ్లిష్ మీకు కష్టమైతే ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగులో ఉన్నాయి, అవి వాడుకోండి. ఫోన్లో పైకి చదివి వినిపించే సదుపాయం ఉంటుంది, దాన్ని వాడటం వాడికి నేర్పండి. అందరి ముందు బిగ్గరగా చదివించొద్దని క్లాస్ టీచరును అడగండి.

పది తర్వాత ఇంటర్ రెసిడెన్షియల్లో వేయడం నాకిష్టం లేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా మెటీరియల్ చదివించే చోట వీడి బలం బయటపడదు, బలహీనతే బయటపడుతుంది. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఇన్వర్టరు విప్పి బాగు చేసే సంగతి. వాడికి ఎలక్ట్రికల్ డిప్లొమా సరిపోతుందని నా అభిప్రాయం. దానికి పాలిసెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. పాలిసెట్‌లో 120 ప్రశ్నలు, అన్నీ సరైన జవాబు ఎంచి గుర్తు పెట్టేవే, అందులో 50 లెక్కలు. వ్యాసాలు రాయనక్కర్లేదు. మూడేళ్ల డిప్లొమా అయ్యాక చదవాలనిపిస్తే ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. పాలిసెట్ కుదరకపోతే ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ కోర్సు ఉంది, దాన్ని తక్కువగా చూడకండి. మీకు దగ్గర్లోనే థర్మల్ విద్యుత్ కేంద్రం ఆర్‌టీపీపీ ఉంది, మైలవరం దగ్గర సోలార్ పార్కు వచ్చింది, కర్నూలు వైపు ఇంకా పెద్దది ఉంది. చేతిపని వచ్చిన ఎలక్ట్రీషియన్‌కు మన రాయలసీమలో పని దొరకదని నేననుకోను. ఒకవేళ పదిలో ఏదైనా సబ్జెక్టు పోయినా ఓపెన్ స్కూల్ ఉండనే ఉంది, అక్కడ పాసైనా పై చదువులకు పనికొస్తుంది.

మీ ఆయన మాట తోసిపుచ్చకండి. అంగడి మంచి బతుకుతెరువే, అది ఎక్కడికీ పోదు, డిప్లొమా అయ్యాక కూడా వాడి కోసం ఉంటుంది. అయితే ఆయనకు చదువు అబ్బలేదన్న మాట ఆసుపత్రిలో తప్పకుండా చెప్పండి. డిస్లెక్సియా చాలా కుటుంబాల్లో తండ్రి నుంచో తల్లి నుంచో పిల్లలకు వస్తుంది. ఆయన చిన్నప్పుడు ఎవరూ పరీక్ష చేయలేదు, మొద్దు అని అనిపించుకుని బడి మానేసి ఉండొచ్చు. సైకాలజిస్టు కుటుంబ వివరాలు ఎలాగూ అడుగుతారు, అందుకని ఆ రోజు అంగడి మూసేసి ఆయన్ని కూడా వెంట తీసుకెళ్లండి. రిపోర్టు వచ్చాక దాని కాపీ నాకు పంపండి, ఏ సబ్జెక్టుకు ఎలాంటి వెసులుబాటు అడగాలో చూసి స్కూలుకు ఇవ్వాల్సిన ఉత్తరం రాయడంలో సాయం చేస్తాను.