పార్కిన్సన్స్: మందులు ఎప్పుడు మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. ఏడాదిగా కుడి చెయ్యి వణుకుతోంది, నడక నెమ్మదించింది. న్యూరాలజిస్టు పార్కిన్సన్స్ అని చెప్పి లెవోడోపా మాత్రలు రాశారు. అవి కొన్నేళ్లే పనిచేస్తాయని, వీలైనంత ఆలస్యంగా మొదలుపెట్టమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఈ భయంతోనే చాలామంది పెద్దలు అవసరం లేకపోయినా ఏళ్ల తరబడి ఇబ్బంది పడుతున్నారు. లెవోడోపా మెదడులో డోపమైన్‌గా, అంటే ఈ జబ్బులో తగ్గిపోయే రసాయనంగా, మారుతుంది. తొలి సంవత్సరాల్లో మిగిలివున్న నాడీకణాలు దాన్ని నిల్వ చేసుకోగలవు కాబట్టి మందు ప్రభావం రోజంతా నిలకడగా ఉంటుంది. జబ్బు ముదిరి ఆ కణాలు తగ్గేకొద్దీ ఒక మోతాదు ప్రభావం తర్వాతి మోతాదు వేళ దాకా నిలవదు. ఇందుకు ప్రధాన కారణం జబ్బు ముదరడమే తప్ప, మాత్రలు ముందుగా వాడటం కాదు. నెదర్లాండ్స్‌లో 445 మందిపై జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, వెంటనే మందు మొదలుపెట్టినవారికీ 40 వారాలు ఆగి మొదలుపెట్టినవారికీ 80 వారాల తర్వాత లక్షణాల తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే ముందుగా వాడినంత మాత్రాన జబ్బు ఆగదు, ముదరదు కూడా.

కాబట్టి మీ నాన్నగారి దైనందిన జీవితాన్ని బట్టే నిర్ణయించాలి. చొక్కా గుండీలు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం, మంచంలో పక్కకు తిరగడం కష్టమవుతున్నాయా, బ్యాంకులో సంతకం కుదరడం లేదా అని ఆయననే అడగండి. ఇంట్లోవారి కంట పడేది వణుకే అయినా, పెద్దవారిని ఎక్కువగా బాధించేది చాలాసార్లు ఈ మందగింపే. ఇవేవీ లేకపోతే రోజూ వ్యాయామం చేయిస్తూ, మూడు నాలుగు నెలలకోసారి వైద్యుడికి చూపిస్తూ ఆగవచ్చు. ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి. నడక ఇప్పటికే నెమ్మదించిందంటున్నారు కనుక నేనైతే మొదలుపెట్టమనే చెబుతాను.

ఈ వయసులో లెవోడోపాయే మేలు. ఇదే జబ్బుకు వాడే ప్రామిపెక్సోల్ వంటి మందులతో మగత, భ్రమలు రావచ్చు. వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ జ్ఞాపకశక్తిని దెబ్బతీయవచ్చు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, భోజనానికి అరగంట ముందు వేయండి. మొదట్లో వికారంగా ఉంటే రెండు బిస్కెట్లతో ఇవ్వవచ్చు. లేచి నిలబడినప్పుడు కళ్లు తిరిగితే వైద్యుడికి చెప్పండి, మీ అంతట మీరు మాత్రలు ఆపేయకండి.

ఆయన వాడే ఇతర మందులన్నీ ఒకసారి న్యూరాలజిస్టుకు చూపించండి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, కొన్ని గ్యాస్ మాత్రల్లో ఉండే లెవోసల్పిరైడ్, తల తిరుగుడుకు వాడే సినరిజిన్ కూడా ఇవే లక్షణాలు తెస్తాయి. దూలగొండి గింజల చూర్ణం ఇస్తుంటే అదీ చెప్పండి, ఎందుకంటే అందులోనూ లెవోడోపా ఉంటుంది; మాత్రలకు అది తోడైతే మోతాదు మించిపోవచ్చు.